తాళం వేసిన నీళ్లు

నీలమ్మ పెదవులు కదులుతున్నాయి. చేపల ట్యాంక్ ముందు నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, ఒక చేతిలో చిన్న గిన్నె, ఇంకో చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని, అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి ఏదో గొణుగుతోంది. పడకగది పరదా పక్కనుంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూస్తున్న బసవయ్యకు ఆ మాటలు వినబడలేదు. వినబడని మాటల్లో మంచి మాట ఉండొచ్చని అనుకునే స్వభావం ఆయనది కాదు.

చార్‌కమాన్ దగ్గర రాగి, ఇత్తడి సామాన్ల దుకాణంలో తాత కాలం నాటి గద్దె మీద కూర్చున్న మనిషి ఆయన. గిరాకీ వచ్చి బిందెను వేలితో టంగుమని కొట్టి చూస్తే, చప్పుడు కంటే ముందు ఆ వేలు గలవాడి ముఖం చూస్తాడు. కొనడానికి వచ్చాడా, పక్క దుకాణం వాడు ధర కనుక్కోమని పంపాడా అని. ఆ చూపు దుకాణంలోనే వదిలేసి వస్తే బాగుండేది. పాపం, రోజూ చెప్పులతోపాటు ఇంటికి కూడా వేసుకొస్తాడు.

ట్యాంక్‌లో ఉన్నది అరచేతి పొడవు చేప. తెల్లటి ఒంటి మీద నిలువుగా కొత్త రాగి చెంబు రంగు చారలు, వీపు చివర కన్ను లాంటి నల్లటి మచ్చ, ముక్కుపుడక పట్టుకునే సన్నటి పట్టకారులాగా ముందుకు సాగిన మూతి. సీతాకోకచిలుక చేప అంటారు. తన దుకాణం ఉన్న వీధిలోనే వ్యాపారం చేసే వైకుంఠం తన ఇంట్లో మంచినీళ్ల చేపలు పెట్టి ఊరందరినీ పిలిచి చూపించాడు కాబట్టి, బసవయ్య ఏకంగా సముద్రాన్నే గౌలిపురలోని తన ఇంటికి తెప్పించాడు. ఉప్పునీళ్ల ట్యాంక్, సముద్రపు రాళ్లు, అద్దాన్ని నాకే నత్తలు, ఎర్రచారల రొయ్య ఒకటి, వీటన్నిటి మధ్య ఈ రాగి చారల మహారాణి.

"అన్నా, ఇది శానా నాజూకు జాతి. అందరిండ్లల్ల బతకది. తిండి ముట్టుడే కష్టం," అని మలక్‌పేటలో చేపల దుకాణం నడిపే అమరనాథ్ అమ్మేటప్పుడే చెప్పాడు. ఆ మాట బసవయ్యకు ఇంకా నచ్చింది. అందరిళ్లలో బతికేదైతే ఆయనకెందుకు?

నిజంగానే అది తిండి ముట్టలేదు. దాని తిండి కూడా సామాన్యమైనది కాదు, పచ్చి రొయ్యల తురుము. బసవయ్య ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. రొయ్యలని వినగానే భార్య విమలాదేవి చెవులు మూసుకుంది. అప్పుడు ముందుకొచ్చింది నీలమ్మ. జల్‌పల్లి నుంచి షేర్ ఆటోలో వచ్చి ఈ ఇంట్లోనూ, ఎదురింటి నాగమణమ్మ ఇంట్లోనూ బోళ్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచే మనిషి. తన ఇంటి నుంచి కత్తిపీట తెచ్చుకుని, వెనక బోళ్లు తోమే జాగాలో కూర్చుని, రొయ్యను వలిచి, గోరు కంటే సన్నగా తరిగి, పుల్లకు గుచ్చి రాళ్ల సందులో పెట్టేది. ఒకనాడు ఆ మూతి వచ్చి పుల్ల కొసను తాకింది. ఆ రోజు నీలమ్మ వంటింట్లోకి పరుగెత్తి, "అమ్మా, తిన్నది!" అని చెప్పిన గొంతు బసవయ్యకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు సంతోషించాడు కూడా.

ఇప్పుడు మాత్రం ట్యాంక్ మీద నురుగు తేలుతోంది. రెండు మూడు రోజుల నుంచి చూస్తున్నాడు. తెల్లగా, బుడగలు బుడగలుగా, అచ్చం బోళ్లు తోమే జాగాలో తేలే నురుగు లాంటిదే.

పరదా తప్పించుకుని బయటకొచ్చాడు.

"చేతులు కడుక్కున్నవా, నీలమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడతారు. బసవయ్య మాత్రం ఆ ఉలికిపాటును వేరుగా తీసి దాచిపెట్టుకున్నాడు.

"కడుక్కున్న సారు. సబ్బు గిట్ల ఏం పెట్టలే. ఉత్త నీళ్లతోటే."

"నేను సబ్బు మాట అడగలేదు గదా?"

నీలమ్మ గిన్నెలో మిగిలిన తురుము వైపు చూసి, "నాలుగు ముక్కలు తిన్నది సారు," అని వెనక్కి వెళ్లిపోయింది. కిటికీ గట్టు మీద తన కోసం విడిగా పెట్టుకున్న స్టీలు గ్లాసు తీసి, నల్లా కింద కడుక్కుని, నీళ్లు పట్టుకుని నిలబడే తాగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాడు బసవయ్య.

"వారం కింద సెలవు అడిగింది గదా, ఇయ్యలేదని కడుపుల పెట్టుకున్నది," అన్నాడు భార్యతో, చాయ్ తాగుతూ.

"వాళ్ల చెల్లె బిడ్డకు పానం బాగలేదని అడిగింది. దానికీ చేపకూ ఏం సంబంధం?" అంది విమలాదేవి.

"నీకు దెల్వదు. పెద్దోళ్ల మీద కోపముంటే నోరులేని జీవాల మీద తీర్చుకుంటరు. నాకు షక్కున్నది."

"మీకు దేని మీద లేదు షక్కు? పొద్దున లేస్తే గడియారం మీద కూడ ఉంటది."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. దానికి తిండి అక్కర్లేదు, నీళ్లు చాలు. బసవయ్య దృష్టి ఆ నీళ్ల మీదే పడింది. ట్యాంక్‌లో రోజూ కొంత పాత నీరు తీసి కొత్త ఉప్పునీళ్లు పోస్తుంటాడు. ఆ నీళ్లు కలిపేది నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములో. ఆ డ్రమ్ము ఉండేది ఎక్కడ? బోళ్లు తోమే జాగాలో, సబ్బు డబ్బా పక్కన, నీలమ్మ చేతికి అందేంత దూరంలో. ఇన్నాళ్లూ తనకు తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ సాయంత్రం దుకాణం నుంచి వస్తూ ఆటోలో కొత్త రాగి బిందె ఒకటి తెచ్చాడు. దుకాణంలో ఉన్న వాటిలో అన్నిటికంటే పెద్దది, మూత గట్టిగా బిగిసేది. దాన్ని తీసుకెళ్లి పూజగదిలో మూలన పెట్టాడు. ఎందుకంటే ఇల్లంతా ఊడ్చే నీలమ్మ చీపురు పూజగది గడప దగ్గర ఆగిపోతుంది. ఆ గదిని విమలాదేవే ఊడ్చుకుంటుంది. నీలమ్మ ఏసును నమ్ముకున్న మనిషి. ఆమెను ఎవరూ వద్దనలేదు, ఆమె కూడా ఎన్నడూ కాలు పెట్టలేదు. చెప్పకుండానే అందరికీ తెలిసిన ఇంటి పద్ధతి అది.

"రాగికి దోషం అంటదు. నీళ్లను శుద్ధి చేస్తది," అన్నాడు గిరాకీకి చెప్పినట్టు. ఆ ఇంట్లో తాగే నీళ్లు కూడా రాగి బిందెలోవే. పరగడుపున రాగి చెంబుడు నీళ్లు తాగినవాడికి డాక్టరు గడప తొక్కే పని ఉండదని దుకాణంలో రోజుకు పదిసార్లు చెప్పే మాట, ఇంట్లో కనీసం ఒకసారైనా చెబుతాడు. ఫిల్టర్ నీళ్లు తానే మోసి బిందె నింపాడు. సముద్రపు ఉప్పు తానే కలిపాడు. మూత బిగించి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మర్నాటి నుంచి పొద్దున పూజ కాగానే, ఆ మసక వెలుతురులోనే చెంబుతో ముంచి తెచ్చి ట్యాంక్‌లో పోయడం మొదలుపెట్టాడు. మనసు తేలికైంది.

ఆ వారం నడిచేకొద్దీ నత్తలు అద్దం మీంచి జారి కింద పడటం మొదలైంది. మొదట ఒకటి, తర్వాత ఇంకొకటి. పడ్డవి లేవలేదు. రాళ్ల సందుల్లోంచి వెంట్రుకల్లా బయటికొచ్చి ఆడే సన్నటి పురుగులు కనిపించకుండా పోయాయి. చేప రాయి వెనక్కి వెళ్లి నిలబడింది. పుల్ల కొసన రొయ్య తురుము పెడితే మూతి దాకా వచ్చి, వాసన చూసినట్టు చూసి, వెనక్కి తిరిగేది.

"సారు, మన రొయ్య పండుకున్నది," అంది నీలమ్మ ఒక పొద్దున. ఎర్రచారల రొయ్య ఇసుకలో పక్కకు ఒరిగి ఉంది. మీసాలు మాత్రం నీళ్ల పోటుకు కదులుతున్నాయి.

 నాకంటే ముందు దీనికెట్ల తెలిసింది అనిపించింది బసవయ్యకు.  ఆ రోజు దుకాణానికి వెళ్లేముందు తన పాత సెల్‌ఫోన్‌ను షోకేసు మీద, బొమ్మల మధ్యన, ట్యాంక్ వైపు తిప్పి వీడియో పెట్టి వెళ్లాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, షోకేసు మీద కాక దాని సొరుగులో దొరికిన ఆ ఫోన్ పట్టుకెళ్లి, గద్దె మీద కూర్చుని చూడబోయాడు. అప్పుడే ఒక ఆవిడ వచ్చి నీళ్ల బిందె కావాలంది.

"మెరుపు ఉంటదా? నల్లబడదా?"

"చింతపండు, ఇంత ఉప్పు వేసి రుద్దితే అద్దమైతది అమ్మా," అన్నాడు బసవయ్య, కన్ను ఫోన్ మీదే ఉంచి. "రుద్దినంక జల్ది కడుగుండ్రి. ఉప్పు నిలువ ఉంచితే రాగిని తింటది, చిలుము పడతది. ఉప్పేసినయి, పులుసువి అందుల పెట్టకుండ్రి." ఆ మాటలు ఆయన నోటికి ఊపిరి తీసినంత అలవాటు. చెప్పే నోరు చెబుతూనే ఉంది, వినాల్సిన చెవి మాత్రం వినలేదు.

ఫోన్‌లో నీలమ్మ వచ్చింది. గిన్నె, పుల్ల. పెదవులు కదిలాయి. పైటకొంగుతో అద్దం తుడిచింది. తర్వాత ఉన్నట్టుండి ముఖం ఇటు తిప్పి, తిన్నగా ఆయన కళ్లలోకి చూసింది. చెయ్యి పెద్దదై దగ్గరకొచ్చింది. అంతే, చీకటి. ఆ తర్వాత వీడియో అంతా చీకటే. లోపల ఏదో గీరుకున్న చప్పుడు, దూరంగా నల్లా చప్పుడు.

బిందె బేరమాడుతున్న ఆవిడను అక్కడే వదిలేసి బసవయ్య ఇంటికి బయలుదేరాడు.

ఆయన వచ్చేసరికి నీలమ్మ మధ్యాహ్నం బోళ్లు తోమి హాల్లోకి వస్తోంది. ఎదురింటి నాగమణమ్మ వసారాలో కూర్చుని విమలాదేవితో ముచ్చట పెడుతోంది. ఆవిడ కూర్చునే ఉందని చూసి కూడా ఆయన ఆగలేదు. అది ఆ తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

"సెల్లు ఎందుకు తీసినవ్, నీలమ్మా?"

"ఏ సెల్లు సారు?"

"షోకేసు మీదిది!"

"గదా... కొసకున్నది సారు. కింద పడి పలుగుతదని సొరుగుల పెట్టిన."

"కింద పడతదని పెట్టినవా, నువ్వు చేసేది కనబడతదని పెట్టినవా?"

నీలమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ముఖంలోకి ముందు ఆశ్చర్యం, ఆ తర్వాత నెమ్మదిగా నెత్తురు ఎక్కింది.

"నేనేం జేస్త సారు?"

"నురుగెట్ల వచ్చింది? నత్తలెట్ల సచ్చినయ్? పొద్దుగాల నిలబడి దాని మొఖం మీద ఏం సదువుతున్నవ్?"

"సదువుడేంది? తినుమంటున్న. తినవే తల్లీ, తినవే బిడ్డా అంటున్న. పిల్లలకు అనమా?"  రెండు చేతులూ చాపి ఆయన ముందు పెట్టింది. నీళ్లకు నాని ముడతలు పడ్డ అరచేతులు. "చూడుండ్రి సారు. వాసన చూడుండ్రి. ఈ చేతులతోటి మీ బోళ్లు తోమలేదా ఇన్నేండ్లు?"

బసవయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "రేపటి నుంచి రాకు."

"ఏమండీ..." విమలాదేవి లేచింది.

"నువ్వు ఊకో. ఇయ్యాల చేపకు మందు పెట్టింది, రేపు మనకు పెడతది."

ఆ మాట వసారాలో ఉన్న నాగమణమ్మ చెవిలో పడింది. నీలమ్మ వెనక్కి వెళ్లి కత్తిపీట తీసి చేతిసంచిలో పెట్టుకుంది. కిటికీ గట్టు మీది స్టీలు గ్లాసు తీసి తుడిచింది.

"ఇది మా ఇంటి గ్లాసే," అని ఎవరూ అడగకుండానే చెప్పి, సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నాగమణమ్మ కూడా ఆమెను మాన్పించింది. "మా కోడలు సంటిపిల్లతోని ఉన్నది. చేప మేతల కలిపినామె పాలల్ల కలపదని ఏమున్నది? మీ ఆయన నిజం చెప్పి పుణ్యం కట్టుకున్నడు," అని విమలాదేవికి గోడ మీంచి చెప్పింది. ఆమె చెప్పడం, మలుపు దాకా అందరూ వినడం ఒకేసారి జరిగాయి. నీలమ్మ పేరు ఆ గల్లీలో చేపను చంపిన ఆమె అయిపోయింది, చేప ఇంకా బతికి ఉండగానే.

చేపకు తిండి పెట్టే పని ఇప్పుడు బసవయ్యదే. ముక్కుకు దస్తీ కట్టుకుని, వెనక జాగాలో మడత కత్తితో రొయ్య మీద యుద్ధం చేశాడు. తురుము కాస్తా ముద్దయింది. పుల్లకు గుచ్చితే జారి పడింది. నీళ్లలో చెయ్యి పెట్టి రాయి వెనకాల చూపించాడు. చేప అటు తిరిగింది. దాని మొప్పలు ఆపకుండా కొట్టుకుంటున్నాయి. రాగి చారలు వెలిసిపోయి, పాత సామాన్ల వాడికి వేసే చెంబు రంగుకు దిగాయి.

"తినవే," అన్నాడు మెల్లగా. తన నోట ఆ మాట విని తనే సిగ్గుపడి చుట్టూ చూశాడు.

నీలమ్మ వెళ్లినా జబ్బు వెళ్లకపోవడం ఆయనకు పెద్ద చిక్కయింది. అనుమానానికి ఒక మనిషి కావాలి. ఒక మనిషి పోతే ఇంకొకరిని వెతుక్కోవాలి. రోగమున్న చేపను అంటగట్టాడని అమరనాథ్‌కు ఫోన్ చేసి గట్టిగా దులిపాడు. అమరనాథ్ ఎదురు మాట్లాడకుండా మర్నాడు పొద్దున మలక్‌పేట నుంచి బండి మీద వచ్చాడు. డబ్బా తెరిచి, చిన్న గాజు గొట్టంలో ట్యాంక్ నీళ్లు పట్టి, రెండు చుక్కల మందేసి ఊపాడు. నీళ్లకు రంగొచ్చింది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"నురుగు సంగతి ఫికర్ లేదన్నా. మేత జరంత ఎక్కువైతే నురుగొస్తది. గానీ ఇది వేరే. ముందుగాల నత్తలు, రొయ్య పోయినయన్నరు గదా?"

"అవును."

"అవి ముందుగాల పోయినయంటే రాగే. నీళ్లల్ల రాగి కలిసింది. నత్తలు, రొయ్యలకు అది అచ్చం విషం. ఇంత నాజూకు చేప కూడ ఓర్వది. రాగి ఉన్న మందేమన్న పోసిన్రా?"

"లే... లేదు."

"మరి నీళ్లు ఏ బోళెల కలుపుతున్నరు?"

వంటింటి గుమ్మంలో చాయ్ కప్పు పట్టుకుని విమలాదేవి నిలబడి ఉంది. బసవయ్యకు దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవలేడు, అరవకుండా ఉండలేడు. మొలకు తాళంచెవి గుచ్చుకుంటోంది. ఎదురుగా గోడ మీద తన దుకాణం క్యాలెండరు, దాని నిండా మెరిసే రాగి బిందెలు.

"ప్లాస్టిక్ డ్రమ్ముల," అన్నాడు.

"అయితే ఎవరో కావాలని పోసిండ్రన్నా," అమరనాథ్ తల పంకించాడు. "పని మనిషి గిట్ల ఉన్నదా ఇంట్ల?"

 విమలాదేవి చాయ్ కప్పు అమరనాథ్ చేతికిచ్చి, భర్త వైపు చూసి, లోపలికి వెళ్లింది. అమరనాథ్ తాను తెచ్చిన ఉప్పుతో డ్రమ్ములోనే కొత్త నీళ్లు కలిపి, ట్యాంక్ నీళ్లలో సగానికి పైగా తీసి అవి పోశాడు. రాగిని పీల్చుకునే పొడి సంచి ఒకటి లోపల వేలాడదీశాడు. "బతికితే దాని నసీబు. తింటే బతికినట్టే," అని చెప్పి వెళ్లిపోయాడు.

బండి చప్పుడు గల్లీ మలుపు తిరగగానే విమలాదేవి వచ్చింది. చేతిలో తెల్ల పింగాణీ పళ్లెం ఉంది.

"తాళంచెవి ఇయ్యుండ్రి."

"విమలా..."

"ఇయ్యుండ్రి."

 ఆయన మొలతాడు ముడి విప్పి, తానే వెళ్లి తలుపు తీశాడు. ఆవిడ బిందె మూత తిప్పి తీసి, చెంబుతో ముంచి, కిటికీ రెక్క బార్లా తెరిచి, వెలుతురులో ఆ నీళ్లు పళ్లెంలో పోసింది. తెల్ల పళ్లెంలో నీళ్లు లేత ఆకుపచ్చగా, కొంచెం నీలంగా నిలిచాయి. బిందె మెడ లోపల వేలు పెట్టి తీస్తే వేలికి పచ్చగా చిలుము అంటింది. లోకమందరికీ ఉప్పు పెట్టకండి, చిలుము పడుతుందని చెప్పే మనిషి ఇంట్లో, దేవుడి గదిలో, తాళం కింద పట్టిన చిలుము.

"గీ గదిలకు నీలమ్మ ఎన్నడన్న వచ్చిందా?" అని అడిగింది విమలాదేవి. గొంతు పెంచలేదు. "తాళంచెవి మీ మొలకే ఉన్నది గదా. ఇంకెవరి మీద పెడతరు?"

ఇల్లు కాపాడమని పెట్టిన కంచే చేను మేసింది. బసవయ్య పీట మీద కూర్చుండిపోయాడు. అమరనాథ్ ముందు అబద్ధం ఆడినప్పుడు కూడా ఇంత సిగ్గు వేయలేదు. కళ్ల ముందు చాపిన ఆ రెండు అరచేతులే కనబడ్డాయి. అప్పుడు వాటిని చూడలేదు. చూస్తే చాలు, ఏమీ లేదని తెలిసేది.

విమలాదేవి ఫోన్ చేస్తే నీలమ్మ మొదట ఎత్తలేదు. సాయంత్రం తానే చేసి, "రేపు వస్తనమ్మా," అని మాత్రం అంది.

వచ్చింది. లోపలికి రాలేదు. వసారా మెట్టు దగ్గర సంచి చంకలో పెట్టుకుని నిలబడింది. బసవయ్య ఎదురెళ్లాడు. రాత్రంతా మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"నీ తప్పు లేదు నీలమ్మా. నీళ్లు నేనే ఖరాబు జేసిన. రాగి బిందెల ఉప్పునీళ్లు పెట్టిన. తెలిసి తెలిసీ."

"నేను ముట్టొద్దని పెట్టినరు గదా సారు, పూజగదిల?"

ఆయన తల ఊపాడు.

"చూపియ్యుండ్రి."

బిందె ఇంకా సగం నిండే ఉంది. ఒక్కడే ఎత్తలేకపోయాడు. గడప దాకా జరిపి, "జర ఒక చెయ్యి పట్టు నీలమ్మా," అన్నాడు అలవాటుగా. ఆమె వసారా దాటి, హాలు దాటి, పూజగది గడప ముందు వరకూ వచ్చి ఆగింది.

"నేను ఈడిదాకనే వస్త సారు. లోపలికి రాను. మీరే తెండ్రి."

బసవయ్య బిందెను పొట్టకు ఆనించుకుని గడప దాటించాడు. నీళ్లు వొలికి ధోవతి తడిసింది, నేల తడిసింది. తెల్ల ధోవతి మీద పచ్చటి మరక పాకింది. నీలమ్మ ఆ మరకను చూసింది, నేల మీది నీళ్లను చూసింది. ఎప్పుడూ ఆమె చెయ్యి తుడుపుగుడ్డ కోసం వెళ్లే చోటే తుడుపుగుడ్డ ఉంది. చెయ్యి వెళ్లలేదు. కాసేపటికి విమలాదేవే వంగి తుడిచింది.

ఆ అలికిడికో, ఆ నీడకో, రాయి వెనకనుంచి చేప బయటికొచ్చింది. అద్దం దగ్గర, నీలమ్మ రోజూ నిలబడే చోటికి వచ్చి, సన్నటి మూతి ఎత్తి ఆగింది.

"తింటలేదు," అన్నాడు బసవయ్య. "నా చేతితోని అస్సలే తింటలేదు. రేపటి నుంచి రా."

నీలమ్మ చేప వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని పైటతో అద్దుకుంది. అయినా అటు అడుగు వేయలేదు.

"వస్త సారు. గానీ ముందుగాల నా పేరు బాగు జెయ్యుండ్రి, ఆ తర్వాత చేపను చూస్త. నాగమణమ్మ ఇంటికి రాండ్రి. నాకు చెప్పిన ముచ్చట ఆమెకు చెప్పుండ్రి. నేను గేటు కాడ ఉంట."

"ఇప్పుడా? ధోవతి..."

"ఇప్పుడే సారు."

పాల ప్యాకెట్లకు, కూరగాయల బండికి గల్లీ అంతా బయట ఉన్న వేళ. పచ్చమరక ధోవతితో బసవయ్య గల్లీ దాటాడు. ఆ నాలుగడుగులూ ఆయనకు చార్‌కమాన్ దాకా నడిచినంత అయ్యాయి. నీలమ్మ నాలుగడుగుల వెనక నడిచి గేటు పక్కన నిలబడింది.

నాగమణమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన పీట మీద తళతళలాడుతూ రాగి బిందె, దాని మీద రాగి చెంబు. బసవయ్య దుకాణంలోదే. తానే స్వయంగా కొట్టి, చప్పుడు వినిపించి ఇచ్చాడు.

"నాగమణమ్మా, ఒక ముచ్చట చెప్పాలె. నీలమ్మ ఏం చెయ్యలేదు. తప్పు నాది. నేనే రాగి బిందెల నీళ్లు పెట్టి ఆ నీళ్లు చేప ట్యాంకుల పోసిన. రాగి దిగి నత్తలు, రొయ్య సచ్చినయి. ఆమెను అన్న మాట వాపసు తీసుకుంటున్న."

చెప్పేశాడు. గుండె మీంచి బండ దిగినట్టయింది. నీలమ్మ వైపు తిరగబోయాడు. కానీ నాగమణమ్మ చిక్కుడుకాయ ఒలవడం ఆపి, పక్కనున్న బిందె వైపు చూస్తోంది.

"రాగి బిందెల నీళ్లకు సచ్చినయా?"

"అంటే, ఉప్పు అమ్మా. ఉప్పేసి నిలువ పెట్టిన. ఉప్పుకే రాగి దిగుతది. మంచినీళ్లకు ఏం గాదు."

"మా కోడలు పొద్దున లేస్తే గివే నీళ్లు తాగుతది. పాలిచ్చే పిల్ల. రాగికి దోషమే అంటదని గదా మీరు చెప్పింది?"

"అంటదు అమ్మా. ఉప్పు లేకపోతే అంటదు. తాతల నాటి నుంచి తాగుతున్నం గదా మనం..."

"సచ్చిన దాకా ఎవరికీ తెల్వది," అంది నాగమణమ్మ. ఆవిడ కళ్లు సన్నబడ్డాయి. ఆ చూపు బసవయ్యకు బాగా ఎరుక. రోజూ గద్దె మీద కూర్చుని తాను చూసే చూపే. ఎన్ని మాటలు చెబితే అంత గట్టిపడే చూపు. దాని ముందు ఎలా నిలబడాలో మాత్రం ఆయనకు తెలియదు. ఆయన ఎన్నడూ ఇటువైపు నిలబడలేదు. గోడ అవతల ఇద్దరు ఆడవాళ్లు ఆగి వింటున్నారు. సాయంత్రానికి ఈ మాట మలుపు దాటుతుంది. వైకుంఠం దాకా వెళ్లినా వెళుతుంది.

గాభరాలో ఆయన గేటు వైపు తిరిగాడు.

"గీమెను అడుగుండ్రి, రోజు మా ఇంట్ల ఉండే మనిషి. చెప్పు నీలమ్మా, మేమందరం రాగి బిందెల నీళ్లే తాగుతం గదా? నీకన్న, మాకన్న ఏమన్న అయ్యిందా ఇన్నేండ్లల్ల?"

నీలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఎకసెక్కం లేదు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆలోచించినట్టు ఒక్క క్షణం ఆగింది.

"నాకెట్ల ఎరుక సారు?" అంది. "నేను నల్లా నీళ్లు గదా తాగేది."

నాగమణమ్మ బిందె మీది చెంబు తీసి కింద పెట్టింది. "ఇగ నువ్వు రా నీలమ్మా, బోళ్లు అట్లనే ఉన్నయి," అంది. నీలమ్మ గేటు తీసుకుని, ఆయన పక్కనుంచి ఒదిగి లోపలికి నడిచి, సంచిలోంచి తన గ్లాసు తీసి ఆ ఇంటి కిటికీ గట్టు మీద పెట్టుకుంది. బసవయ్య ఇంకా ఏదో చెప్పాల్సింది ఉన్నట్టు, తడి ధోవతి అంచు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.